పెళ్లయిన అమ్మాయికి ఆగని సంబంధాలు

పెళ్లయి, నాలుగో నెల కడుపుతో ఉన్న ఒక అమ్మాయిని ఒక పెళ్లిసంబంధాల కంపెనీ తన యాప్‌లో ‘తగిన వరుడు కావలెను’ అని రోజూ లోకానికి చూపించింది. అందుకు చందాను మూడు నెలలకొకసారి ఆమె మొగుడి ఖాతాలోంచే, అతన్ని అడక్కుండా లాక్కుంది. ఆపమంటే ఆపలేదు.

ఇదీ తప్పు. ఊరూ పేరూ తర్వాత చెబుతాను.

ముందు దెబ్బ రాయి

ఇలా మొదలుపెట్టడం నాకు హిందూపురంలో ఒక ముసలి ప్లీడరుగారు నేర్పారు. నా పేరు నంజుండప్ప. చదివింది ఎనిమిదో తరగతి. పెనుకొండ కోర్టు ఎదురుగా టైపు మిషను పెట్టుకుని అర్జీలు రాసి బతికాను. జనం నన్ను రైటరు అన్నారు. చట్టం నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. పక్కవాళ్ల కాగితాలు టైపు చేస్తూ చేస్తూ, అర్థం కాని మాట దగ్గర ఆగి ఎవరో ఒకర్ని అడుగుతూ నేర్చుకున్నాను. అర్థమైనట్టు తల ఊపే అలవాటు నాకు లేదు. లా చదివిన చాలామందికి ఉంది.

ప్లీడరుగారు నా మొదటి అర్జీ చూసి కళ్లద్దాలు తీశారు.

“ఏమబ్బా, వీడు యాడ పుట్టినాడు, ఎవురి కొడుకు, ఎంత భూమి ఉండాది, అంతా రాసినావు. వాన్ని కొట్టిండేది ఎవురో ఆఖర్న రాసినావు. జడ్జి ఆడిదాకా చదువుతాడా? అన్నానికి లేస్తాడు. ముందు దెబ్బ రాయి. ఊరు తర్వాత రాయి.”

‘తమ పాదములకు మ్రొక్కి’ అన్న మాటను కూడా ఆయనే కొట్టేశారు. “నీది నువ్వు అడగతాండావు. భిక్షం గాదు,” అన్నారు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేదాంట్లో సగం ఆయన చెప్పిన ఈ రెండు మాటలే.

కొమ్ములకు నూనె

అడగని సరుకు అంటగట్టి డబ్బు లాగడం ఫోన్లతో పుట్టిన విద్య కాదు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు కొత్తచెరువు వైపు నుంచి ఒక రైతు మా ప్లీడరుగారి దగ్గరికి వచ్చాడు. ఏదో పత్రికలో ప్రకటన చూసి, జుట్టు మొలిచే నూనె శాంపిలు పంపమని కార్డు ముక్క రాశాడట. శాంపిలు వచ్చింది. ఆ తర్వాత నెలనెలా ఒక సీసా, డబ్బు కట్టి విడిపించుకోవలసిన వీపీపీ పార్సెల్‌గా రావడం మొదలైంది.

“వద్దని చెప్పొచ్చు గదప్పా?”

“దాని మీద గవర్నమెంటు ముద్ర ఉండాది సామీ. వద్దంటే లోపలేస్తారేమో అని తీసుకుంటాండా.”

“నీకు జుట్టు బాగానే ఉండాది గదా. ఆ నూనె ఏం చేస్తాండావు?”

“ఎద్దుల కొమ్ములకు పూస్తాండా. కొమ్ములైతే నిగనిగలాడతాండాయి సామీ, అబద్ధం చెప్పకూడదు.”

ప్లీడరుగారు నవ్వి, తర్వాత వచ్చిన పార్సెల్ మీద ‘తీసుకోను’ అని రాయించి తిప్పి పంపారు. ఒక్కసారి అడిగాను, మళ్లీ అడగలేదు అని రిజిస్టరు పోస్టులో కంపెనీకి రాయించారు. సీసాలు ఆగిపోయాయి. కాదనలేదు కాబట్టి ఒప్పుకున్నాడు అనుకోవడం, ఇదే ఈ వ్యాపారం అంతా. అప్పట్లో పోస్టుమ్యాన్ కనీసం గుమ్మం దాకా వచ్చి అడిగేవాడు. ఇప్పుడు ఫోనే అడుగుతుంది, ఫోనే ఒప్పుకుంటుంది, ఫోనే కడుతుంది.

అన్న

టైపు మిషను మూలన పెట్టేశాక, ఇక నన్నెవరూ వెతుక్కుంటూ రారు అనుకున్నాక, ధర్మవరం నుంచి రైలెక్కి హిందూపురంలో మా ఇంటికి వచ్చారు ఇద్దరు. హరి పట్టుచీరలు నేస్తాడు. సువర్ణ అతని భార్య, అతని మేనమామ కూతురు. అంటే హరి వాళ్లమ్మ నాగరత్నమ్మ సువర్ణకు మొదట మేనత్త, తర్వాత అత్త.

విషయం విన్నాక అడిగాను. “యాప్‌లో పెట్టిండేది ఎవురప్పా?”

“నేనే తాతా.”

“నీ పెండ్లానికి నువ్వే సంబంధాలు చూస్తివా?”

“అప్పటికి పెండ్లాం గాదు గదా.”

జరిగింది ఇది. సువర్ణ తండ్రి తన కూతుర్ని ఇంకో మగ్గం ఇంటికి ఇవ్వనన్నాడు. ఉద్యోగస్తుణ్ని చూడాలన్నాడు. ఫోను సంగతులు తెలిసినవాడు మేనల్లుడే కాబట్టి, చూసే పని మేనల్లుడికే అప్పజెప్పాడు. మొదటి వారం ఉచితం అంటే హరి చేరాడు. వారం తర్వాత చందా తనంతట తానే మొదలై, తనంతట తానే కొనసాగుతుందన్న మాట అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. దాని పక్కన టిక్కు ముందే కొట్టి ఉంది.

హరి సంబంధాలు చూశాడు. ఏడాది చూశాడు. ఒకడి పళ్లు బాగాలేవన్నాడు, ఒకడి నవ్వు బాగాలేదన్నాడు, ఒకడికి పళ్లూ నవ్వూ రెండూ బాగుంటే ‘ఇట్లాటోన్ని నమ్మకూడదు మామా’ అన్నాడు.

“ఒగన్ని గూడా కుదరనీలేదు తాతా,” అంది సువర్ణ. “మా నాయనకు ఆఖరికి అర్థమై, నువ్వే చేసుకోరా నాయనా అన్న్యాడు.”

అంతా బాగానే ఉంది. కానీ చేరేటప్పుడు యాప్ ఒక ప్రశ్న అడిగింది. ‘ఈ ప్రొఫైల్ నడిపేవారు వధువుకు ఏమవుతారు?’ హరి తన ఫొటో, ఆధార్ ఇచ్చి ‘సోదరుడు’ అని నొక్కాడు.

నేను కుర్చీలోంచి లేచాను. మావైపు మేనబావను నోరు జారి అన్నా అని పిలిచినా పెద్దవాళ్లు చెంపలు వేయిస్తారు. “ఏమప్పా, బుద్ధుండాదా? బావవై ఉండి అన్న అని రాస్తివా?”

“బావ అని తెలిస్తే వచ్చేవాళ్లు ఏమడగతారు తాతా? సొంత బావ ఇంట్లోనే ఉండంగ బయటికి ఏంటికిస్తాండారు, పిల్లకేమన్నా లోపముండాదా అనరా?”

అంటారు. మొదట అడిగేది అదే. పొరపాటు పొరపాటే, కారణం మాత్రం న్యాయమైనదే.

“అప్పట్నుంచి వరుని తరపోళ్ల ఫోన్లన్నీ ఈయప్పకే,” అంది సువర్ణ. “‘మీ చెల్లెలికి మావోడు నచ్చినాడా?’ అని అడగతారు. నేను లోపల్నుంచి కేకేస్తా, ‘ఏమన్నా, ఈ తూరి ఎవురు?’ అని.”

నాకు నవ్వాగలేదు. ఆమె నవ్వలేదు.

“నవ్వు తాతా. మా వీధిలో అందరూ నవ్వుతాండారు. రేపు నా బిడ్డ పెద్దయినాక ఎవడన్నా ‘మీయమ్మ ఇంగా ఫోన్లో మొగుని కోసం ఎతుకుతాండాది’ అంటే ఏం చెప్పల్ల? దుడ్లు పోతే పోనీ. బిడ్డ పుట్టేలోగా నా ఫొటో ఆడ్నుంచి తీపించు. నాకు గావాల్సింది అదే.”

అప్పుడు కూర్చున్నాను.

సరైన వరుడు

పిల్లలూ, ఇలాంటి కేసు వస్తే మొదట చెయ్యవలసింది కంపెనీతో వాదన కాదు. బ్యాంకు యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అక్కడ ఆ అనుమతిని రద్దు చేయించండి. కొళాయి కట్టేశాక నేల తుడవాలి. డబ్బు తీసుకునే ముందు బ్యాంకు సందేశం పంపాలన్న నిబంధన ఉంది. వచ్చింది కూడా, ఎవరూ వినని ఇంకేదో కంపెనీ పేరుతో, ఇంగ్లీషులో, హరి రెండు చేతులూ మగ్గం మీద ఉన్నప్పుడు.

రద్దు చేశాం. డబ్బు ఆగింది. సువర్ణ ఆగలేదు. ఆమె ఫొటో కింద కొత్తగా ఎర్ర అక్షరాలు వచ్చాయి. ‘చందా ముగిసింది. వధువు తరఫువారు ఇంకా ఆసక్తిగా ఉన్నారు. ఈ నంబరు పొందే రుసుంలో ప్రత్యేక తగ్గింపు.’ ఫోన్లు ఇంకా ఎక్కువయ్యాయి.

యాప్‌లో చేరడానికి రెండు నొక్కులు చాలు. బయటపడే దారి వెతకడానికి మాకు ఒక మధ్యాహ్నం పట్టింది. చివరికి ‘వివాహం జరిగింది’ అన్నచోట పెళ్లిఫొటో అడిగింది. తలంబ్రాలు పోసుకుంటున్న ఫొటో పంపాం. జవాబు వెంటనే వచ్చింది. ‘అభినందనలు! మీరు పంపిన చిత్రంలో వరుడి స్థానంలో వధువు సోదరుడు ఉన్నట్టు గుర్తించాం. దయచేసి సరైన వరుడితో ఉన్న చిత్రం పంపండి.’

కంపెనీకి ఫోను చేశాను. అవతల ఒక అమ్మాయి, మర్యాదస్తురాలు.

“మా రికార్డులో వీరు అన్నగారు సార్.”

“అన్న గాదమ్మా, బావ.”

“అయితే రిలేషన్ మార్చుకోండి సార్.”

“యాడ మార్చల్ల?”

“చందా నడుస్తున్నవాళ్లకే అది ఓపెన్ అవుతుంది సార్. ఒకసారి రెన్యువల్ చేసుకుని, మార్చుకుని, తర్వాత క్యాన్సిల్ చేసుకోవచ్చు.”

“కడితే బావ అని పెట్టనిస్తాదా?”

“బావ ఆప్షన్ లేదు సార్. బంధువు ఉంది.”

“బంధువు పెండ్లి చేసుకోవచ్చునా?”

“ప్రొఫైల్ నడిపేవారు వరుడు కాకూడదు సార్. అమ్మాయిల సేఫ్టీ కోసం.”

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆమె ముందున్న తెర ఎంత చెబితే అంతే చెబుతుంది. తెర రాసినవాడి మీద ఉంది. ఆ మాటలన్నీ రికార్డు చేయించాను. యాప్‌లో మేము తిరిగిన దారినంతా, ఒక్కో తెరనూ ఫొటో తీయించాను. రైతు పార్సెల్ మీద ‘తీసుకోను’ అని రాయించిన ప్లీడరుగారి పనే ఇది, వేరే రూపంలో.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. చాలా కంపెనీలు అక్కడే దిగివస్తాయి, కాబట్టి ఆ మెట్టు దాటేయకండి. ఈ కంపెనీ మాత్రం అక్కడ ఇలా రాసింది. ‘సరైన వరుణ్ని సమర్పించవలసిందిగా వినియోగదారుకు సూచించాం. సమస్య పరిష్కారమైంది.’

సువర్ణ మొగుడి వైపు చూసింది. “ఏం చేద్దామన్నా, ఇంగొగన్ని చూస్తావా?”

రాయొద్దన్న మాట

జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాశాను. కంపెనీ ఏ మహానగరంలో ఉన్నా వినియోగదారు ఉండే చోటే కేసు వెయ్యొచ్చు. ఆన్‌లైన్‌లో వెయ్యొచ్చు. ఇంత చిన్న వ్యవహారానికి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, తానే మాట్లాడుకోవచ్చు, లేదా నాలాంటివాడికి అధికారం రాసివ్వొచ్చు. డబ్బు కట్టింది హరి అయినా సేవ ఎవరి కోసమో ఆమె కూడా వినియోగదారే. అందుకే సువర్ణ పేరు మీదే వేశాను. చందా పోయింది హరిది. పేరు పోతున్నది ఆమెది.

సులువుగా లోపలికి లాగి బయటికి వెళ్లే దారి మూసెయ్యడం అనుచిత వ్యాపార పద్ధతి. దీన్ని చందా ఉచ్చు అని నిషేధిస్తూ మార్గదర్శకాలు కూడా వచ్చాయి. అవన్నీ రాశాను. హరి మాత్రం ఒక్క మాట రాయొద్దని బతిమాలాడు.

“ఆ అన్న అనే మాట వద్దు తాతా. కమిషన్‌లో చదువుతారంట. మా అమ్మకు తెలిస్తే ఇంట్లోకి రానీదు.”

“కంపెనీ లాయరు చెప్తే అది నీ అబద్ధం. మనం ముందే చెప్తే అది నీ తెలివితక్కువతనం. ఈ రెండిట్లో యాది గావల్ల?”

హరి రెండోదే ఎంచుకున్నాడు.

అగళి నుంచి వచ్చినవాళ్లు

సువర్ణ సంతకం కోసం నేనూ మా ఆవిడ జయమ్మా ధర్మవరం వెళ్లేసరికి ఆ ఇంట్లో ఆమె శ్రీమంతం జరుగుతోంది. ఏడో నెల. గుంతమగ్గం కదలదు కాబట్టి దాని చుట్టూ చాపలు వేశారు. సువర్ణ మోచేతుల దాకా గాజులతో కుర్చీలో కూర్చుంది. ఫొటోలు తీస్తున్నారు.

“ఈ మనిషి ఊరోళ్ల పెండ్లిఫొటో కోసం కమిషన్‌కు పోతాండాడు,” అంది జయమ్మ ఆమెతో. “మా పెండ్లికి ఒగ ఫొటో గూడా లేదమ్మా. ఆ దుడ్లు పెడితే మిషనుకు రిబ్బను వస్తాదన్న్యాడు.”

“అన్నావా తాతా?”

“రిబ్బను చానా అవసరం అప్పుడు,” అన్నాను.

అప్పుడే పండ్ల బుట్టతో ఒక కుటుంబం లోపలికి వచ్చింది. తల్లి, తండ్రి, ఇస్త్రీ చొక్కాలో ఒక అబ్బాయి. కర్ణాటక సరిహద్దులోని అగళి నుంచి వచ్చారట. నాగరత్నమ్మ చీరల బేరగాళ్లనుకుని చాపమీద కూర్చోబెట్టి పాయసం పోయించింది. అబ్బాయి తల్లి పాయసం తాగి, గది అంతా చూసి, “హుడుగి ఎల్లి?” అంది కన్నడంలో. ఎవరికీ అర్థం కాకపోయేసరికి, “పిల్ల యాడుండాది?” అని తెలుగులో అడిగింది.

“ఎదురుగానే కూచోనుండాది గదమ్మా,” అంది నాగరత్నమ్మ, శ్రీమంతం పిల్లను అడుగుతోందనుకుని.

ఆమె సువర్ణ ముఖం చూసింది. ఫోను తీసి అందులోని ముఖం చూసింది. మళ్లీ సువర్ణ పొట్ట చూసింది. హరి వైపు తిరిగి, “పిల్లకు అన్నయ్యేది మీరే గదా?” అంది.

హరి మగ్గం గుంతలోకి దిగి దాక్కునేలా ఉన్నాడు.

“అవునమ్మా, మా అన్నే,” అంది సువర్ణ చల్లగా. “ఈ కడుపు గూడా ఆయప్పదే.”

అబ్బాయి తండ్రి చేతిలో గ్లాసు ఒలికింది. నాగరత్నమ్మ చీపురు కోసం వెతకడం మొదలుపెట్టింది, పాయసం తుడవడానికో కొడుకు కోసమో నాకు తెలియదు. నేను మధ్యలో దూరి, తెలుగూ కన్నడమూ కలిపి జరిగిందంతా చెప్పాను.

అంతా విన్నాక అగళి తల్లికి మా మీద కోపం రాలేదు. “అయ్యో, ఫోను ఎత్తకుంటే అడ్రసు పట్టుకోని వస్తిమి. ఈ నెంబరు, అడ్రసు చూసేదానికని మేమూ చందా కడితిమి గదా సామీ! అది గూడా ఆగల్యా, మళ్లా పట్టుకున్న్యాడు!” అంది. పెళ్లికూతురు లేని పెళ్లికి రెండు వైపుల నుంచీ వసూలు చేస్తున్నారన్నమాట. నేను సంచిలోంచి కాగితం తీసి, ఆమె మాటలు అక్కడే రాసుకున్నాను. ఆమె సంతకం పెట్టి, వచ్చినందుకు సువర్ణ చేతికి రెండు గాజులు వేసి, పాయసం ఇంకోసారి పోయించుకుంది. అబ్బాయి మాత్రం దిగులుగా కూర్చున్నాడు. ప్రయాణం కోసం సెలవు పెట్టాడట.

ఎవరు ఎవరికి ఏమవుతారు

కమిషన్‌లో ఇలాంటివి తేలడానికి చాలా కాలం పడుతుంది. ఏళ్లు పట్టినవి చూశాను. మాకు త్వరగా కదిలింది శ్రీమంతం ఫొటో వల్ల. దాన్ని అర్జీకి జతచేసి, తుది తీర్పు వచ్చేలోగా ప్రొఫైల్ కనపడకుండా చెయ్యమని మధ్యంతర ఆదేశం అడిగాను. ఇచ్చారు. కంపెనీ పాటించింది. సువర్ణ ఫొటో తీసేసి, ముసుగు వేసుకున్న ఆడమనిషి బొమ్మ పెట్టి, ‘ఈ వధువు సిగ్గరి. ఫొటో కోరవచ్చు’ అని రాసింది.

తర్వాతి వాయిదాకు నెలలు నిండిన కోడలికి బదులు నాగరత్నమ్మ వచ్చింది. కంపెనీ లాయరు తెర మీద కనిపించాడు. ఫిర్యాది తరఫువాళ్లే తప్పుడు సమాచారం ఇచ్చారు, సోదరుడు కాడనడానికి రుజువు లేదు అన్నాడు. అది మా ఫిర్యాదు మొదటి పేజీలోనే ఉంది, మేమే రాశాం, ఆ అబద్ధం కంపెనీకి ఏం నష్టం చేసిందో చెప్పమనండి అన్నాను. లాయరు కాగితాలు తిరగేశాడు. అప్పుడు అధ్యక్షులు నాగరత్నమ్మను అడిగారు, మీ అబ్బాయి ఆ అమ్మాయికి ఏమవుతాడు అని.

“బావ సామీ. పుట్టినప్పట్నుంచీ బావే. అన్నైతే నేను దగ్గరుండి పెండ్లి జేస్తానా? నన్ను జూస్తే అట్ల కనపడతాండానా? ఆ తెరలో ఉండే సారుకు మేనత్త లేదేమో, ఈడికి రమ్మను, చెప్తా.”

తెరలో ఉన్న సారు మ్యూట్ చేసుకున్నాడు.

తీర్పు మా వైపు వచ్చింది. పేరు తొలగించాలి, తీసుకున్న చందా తిరిగివ్వాలి, పరిహారం కట్టాలి. మానెయ్యాలనుకున్న మనిషిని పెళ్లిరుజువు అడిగే పద్ధతే మానుకోవాలి. ఈ చివరిదాన్ని మీ అర్జీల్లో తప్పకుండా అడగండి. చందా వెనక్కి ఇచ్చెయ్యడం కంపెనీకి టీ ఖర్చు. పద్ధతి మార్చుకోమంటేనే నొప్పి. అడగనిది ఏ కమిషనూ ఇవ్వదు.

రెండు రోజులాగి సువర్ణ పుట్టింటి నుంచి ఫోను చేసింది. “తాతా, యాప్‌లో ఎట్ల ఎతికినా నేను యాడా లేను!” అంది. తాను ఎక్కడా లేనందుకు అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. ఆ నెలాఖరుకే ఆడపిల్ల పుట్టింది. హరిని ఆమె ఇప్పటికీ కోపమొస్తే అన్నా అనే పిలుస్తుందట.

తీర్పు అమలు చేసినట్టు కంపెనీ రాతపూర్వకంగా తెలపాలి. కాగితాల్లో అధీకృత ప్రతినిధిగా నా పేరు, వయసు, నా ఫోను నంబరు ఉన్నాయి కాబట్టి ఆ జవాబు నాకే వచ్చింది. జయమ్మకు చదివి వినిపించాను. ఆమె ఇంకా నాతో మాట్లాడటం లేదు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

“శ్రీ నంజుండప్ప గారికి నమస్కారాలు. గౌరవ కమిషన్ ఆదేశం మేరకు శ్రీమతి సువర్ణ గారి ప్రొఫైల్‌ను శాశ్వతంగా తొలగించాం. చందా, పరిహారం జమ చేశాం. నవ దంపతులకూ, వధువు సోదరులు శ్రీ హరి గారికీ మా శుభాకాంక్షలు. ఈ వ్యవహారంలో మీకు కలిగిన శ్రమకు చింతిస్తూ, కానుకగా మీ పేరున ఒక సంవత్సరం స్వర్ణ సభ్యత్వాన్ని ఉచితంగా ప్రారంభించాం. మీ వయసుకూ అభిరుచులకూ తగిన వధువుల వివరాలు ఈ రోజు నుంచే మీ ఫోనుకు వస్తాయి. గడువు తర్వాత సభ్యత్వం దానంతట అదే కొనసాగుతుంది. మీకు ఇప్పటికే వివాహమై ఉంటే, దయచేసి మీ పెళ్లిఫొటో పంపగలరు.”